భర్త హైదరాబాద్‌లో, మీరు పెనుబల్లిలో.. భరణం కేసు ఎక్కడ వేయాలి?

భర్త హైదరాబాద్‌లో ఉన్నా, మీరు పెనుబల్లిలో పుట్టింట్లో ఉంటుంటే ఖమ్మం జిల్లాలోనే భరణం కేసు వేయొచ్చు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ 125 స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ 144 అమల్లో ఉంది. ఫీజు గురించి భయం వద్దు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి.

మీకు కేటాయించిన లాయర్ కొత్తవారైతే ఈ మూడూ అడిగి చూసుకోండి.

• ఇద్దరి ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్: 2020లో రజనేష్-నేహా కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పనిసరి చేసింది.

• మధ్యంతర భరణం పిటిషన్: తుది తీర్పు వచ్చేదాకా ఇల్లు గడవాలి కదా.

• తేదీ: అదే తీర్పు ప్రకారం దరఖాస్తు వేసిన రోజు నుంచే భరణం లెక్కిస్తారు. ఆలస్యమైన ప్రతి నెలా నష్టం మీకే.

పెళ్లి ఫొటో, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, స్కూల్ ఫీజు రసీదులు, భర్త ఉద్యోగం వివరాలు మొదటి రోజే వెంట తీసుకెళ్లండి.