మోటారు పెట్టెలో పనుల పంపకము

దుత్తలూరు మెట్టపొలములలో బోరు మోటారును ఇంటనుండియే సెల్‌ఫోనుతో నడుపు పెట్టెను గూర్చి నేనీపూట మనవి చేసెదను. అందు ఇరువురు పనివారు గలరు. ఒకరు యంత్రభాగము, అనగా హార్డువేరు. రెండవవారు దానికి వ్రాసియిచ్చిన ఆజ్ఞల వరుస, అనగా సాఫ్టువేరు.

ఎవరికే పని యప్పగింపవలెను? ఫోను పిలుపు నందుకొనుట, గంటలు లెక్కించుట, నీరు తగ్గి ఆపిన మోటారును మరల నెప్పుడు నడుపవలెనో నిర్ణయించుట బావి బావికి మారును. ఆజ్ఞను దిద్దుట సులభము గావున ఇవి ఆజ్ఞలకు తగును. కాని కరెంటు మితిమీరినపుడు మోటారును కాపాడుట యంత్రమునకే విడువవలెను. ఓవర్‌లోడు రిలేలోని జంటలోహపు బద్ద వేడికి వంగి, ఎవరి యాజ్ఞకును వేచియుండక, మోటారు నాపివేయును.

ఈ విచక్షణ తప్పినచో ప్రాణములకే ముప్పు. థెరాక్-25 అను కెనడా దేశపు కిరణచికిత్సా యంత్రమున, పూర్వపు యంత్రములందున్న విడి కాపుదలలను తీసివేసి, ఆ భారము ఆజ్ఞలపై మోపిరి. ఆజ్ఞలలో దోషముండుటచే 1985-1987 నడుమ ఆరుగురు రోగులు మితిమీరిన కిరణములకు గురియైరి; వారిలో కొందరు మరణించిరి.

కావున పెట్టె కొనునపుడు ఫోను సంగతి తరువాత నడుగుడు. ఓవర్‌లోడు రిలే విడిగా నున్నదా యని మొదట నడుగుడు.