మచ్చల పిల్లి వెనక మనిషి: జీన్ మిల్

బెంగాల్ పిల్లి అని నేడు ప్రపంచమంతా పిలుచుకునే మచ్చల పెంపుడు జాతిని రూపొందించి, దానిని ప్రదర్శన బల్లల దాకా నడిపించిన జీన్ మిల్ 2018 జూన్ 6న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన ఆమెను పిల్లుల పెంపకందారులు ఆ జాతికి తల్లిగా తలుచుకుంటారు. అది ఆమెకు తగిన గౌరవమే. అయితే అడవి అందాన్ని ఇంట్లోకి తెచ్చిన వ్యక్తిగా ఆమెకు దక్కిన ఖ్యాతిలో, ఢిల్లీలో దిక్కులేకుండా తిరిగిన ఒక మామూలు వీధి పిల్లికీ, తరాల తరబడి ఓపికగా పిల్లలను ఎంచుకుంటూ పోయిన పెంపకందారులకూ ఉన్న వాటా ఎంతటిదో ఆమె మరణానంతరం గానీ పూర్తిగా తేలలేదు.

కథకు మూలమైన జంతువు మన ప్రాంతానిదే. ఆసియా లెపర్డ్ క్యాట్ అనే చిన్న అడవి పిల్లి మన దేశంలో హిమాలయ పాదాల నుంచి ఈశాన్య రాష్ట్రాలు, సుందర్బన్స్, పడమటి కనుమల వరకు కనిపిస్తుంది. ఇంటి పిల్లి అంతే ఉండి, ఒంటినిండా చిరుతను తలపించే మచ్చలున్న ఈ జీవి శాస్త్రీయ నామం ప్రియోనైలురస్ బెంగాలెన్సిస్; కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి బతికే బావురు పిల్లికి ఇది దగ్గరి చుట్టం. కొత్త జాతికి బెంగాల్ అన్న పేరు ఈ శాస్త్రీయ నామం నుంచే వచ్చింది. చర్మం కోసం తల్లులను చంపి, కూనలను పెంపుడు జంతువుల దుకాణాలకు అమ్ముకునే వ్యాపారం అప్పట్లో సాగుతుండేది. 1960ల నాటి అమెరికాలో ఆ కూనలను ఎవరైనా కొనుక్కోగలిగేవారు. మచ్చల మీద మనిషికున్న మోజును సాధువైన ఇంటి పిల్లితో తీర్చగలిగితే అడవి పిల్లిని అడవిలోనే వదిలేస్తారన్నది, తన ఇంటి పిల్లి ఒంటిమీది మచ్చలే మరో జంతువు చర్మంతో కుట్టిన కోటు మీద కనిపిస్తే దానిని తొడుక్కోవడానికి ఎవరికైనా మనసు ఒప్పదన్నది జీన్ మిల్ నమ్మకం.

పొమోనా కళాశాలలో మనస్తత్వ శాస్త్రం చదివిన ఆమె, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం అభ్యసిస్తున్నప్పుడే, అంటే 1940లలోనే, పిల్లి జాతుల సంకరం గురించి ఆలోచించారు. అయినా మొదటి సంకరం ఒక ప్రణాళిక ప్రకారం జరిగింది కాదు. జీన్ సగ్డెన్‌గా అరిజోనాలో ఉంటున్న కాలంలో తాను కొన్న మలేషియా అనే ఆడ లెపర్డ్ క్యాట్‌కు తోడుగా ఒక నల్లని మగ ఇంటి పిల్లిని ఉంచితే, 1963లో ఆ జంటకు కిన్‌కిన్ అనే ఆడపిల్ల పుట్టింది. రెండు భిన్న జాతుల మధ్య పిల్లలు పుట్టవనుకున్న చోట పుట్టిన ఆ కూనే తర్వాతి ప్రయత్నానికంతటికీ ధైర్యమిచ్చింది. భర్త మరణంతో 1960ల మధ్యలో పని ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె రాబర్ట్ మిల్‌ను వివాహమాడారు. పిల్లులకు ప్రాణాంతకమైన ల్యుకేమియా వైరస్‌ను లెపర్డ్ క్యాట్ తట్టుకుంటుందేమో తెలుసుకునేందుకు డాక్టర్ విలార్డ్ సెంటర్‌వాల్ పెంచిన సంకర పిల్లుల్లో కొన్ని 1980 ప్రాంతంలో ఆమెకు చేరడంతో పని మళ్లీ మొదలైంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడింది. అడవి పిల్లికీ ఇంటి పిల్లికీ నేరుగా పుట్టిన సంతానాన్ని ఎఫ్-1 అనీ, ఆ తర్వాతి తరాలను వరుసగా ఎఫ్-2, ఎఫ్-3 అనీ అంటారు. ఈ తొలి తరాల్లో మగవి గొడ్డువి కాగా, ఆడవాటికే సంతాన సామర్థ్యం ఉంటుంది కనుక, ప్రతి తరంలోనూ ఆడ సంకర పిల్లికి జతగా బయటి మగ ఇంటి పిల్లి కావలసిందే. పేరున్న అమెరికన్ జాతుల్లో దగ్గరి రక్తసంబంధంలోనే జత కట్టించడం వల్ల బలహీనతలు పేరుకున్నాయని భావించిన జీన్ మిల్, గట్టి శరీరమూ మంచి మచ్చలూ గల కొత్త రక్తం కోసం వెతికారు. 1982లో భారతదేశానికి వచ్చినప్పుడు, ఢిల్లీ జంతు ప్రదర్శనశాలలో ఖడ్గమృగాల ఆవరణలో బతుకుతున్న ఒక పిల్లి ఆమెకు కనిపించింది. నారింజ రంగు ఒంటి మీద ముదురు గోధుమ మచ్చలు, ఎండ పడితే బంగారు రజను అద్దినట్టు మెరిసే వెంట్రుకలు దానివి. వంశమేమిటో, తల్లి ఎవరో ఎవరికీ తెలియని ఆ మగ పిల్లి కాలిఫోర్నియా చేరి, మిల్‌వుడ్ టోరీ ఆఫ్ ఢిల్లీ అన్న పేరుతో వంశావళి పుస్తకాలకెక్కింది. ఈనాటి బెంగాల్ పిల్లుల్లో అత్యధిక భాగం వంశవృక్షాలు వెనక్కి వెళ్లి దాన్ని తాకుతాయి. మన వీధుల్లో రాళ్ల దెబ్బలు తిని, గోడలెక్కి బతికే పిల్లుల జాతికి ఇంతటి వంశగౌరవం దక్కిన సందర్భం మరొకటి దొరకడం కష్టం.

జాతిని పుట్టించడం ఒక పని. దానిని ప్రదర్శన లోకం చేత ఒప్పించడం మరో పని, అంతకంటే కష్టమైనది కూడా. ప్రదర్శన సంఘాలు ప్రతి జాతికీ ఒక ప్రమాణ పత్రాన్ని రాసుకుని, తల ఆకారం మొదలు తోక కొస వరకు ఏ లక్షణానికి ఎన్ని మార్కులో నిర్ణయిస్తాయి. 1979లో ఏర్పడిన టికా అనే అంతర్జాతీయ సంఘం బెంగాల్‌ను 1983లో నమోదుకు స్వీకరించి, 1991లో ఛాంపియన్‌షిప్ హోదా ఇచ్చింది. అంతకంటే పాత సంఘమైన సీఎఫ్‌ఏ మాత్రం అడవి రక్తం గల జాతిని దశాబ్దాల పాటు దూరంగా ఉంచి, 2016లో గానీ తలుపు తీయలేదు. ఆ సంకోచం అర్థంలేనిదేమీ కాదు. తొలి తరాల సంకర పిల్లులు బెరుకైనవి. మూత్రంతో హద్దులు గీసుకోవడం వంటి అడవి అలవాట్లు వాటిలో మిగిలే ఉంటాయి. మోజుపడి కొని, ఆ తర్వాత వదిలించుకున్న యజమానుల చేతుల్లో బాధపడ్డవీ ఉన్నాయి.

అందుకే ఈ జాతి ప్రదర్శనలో రంగు కంటే ముందు స్వభావాన్ని చూస్తారు. ఛాంపియన్‌షిప్ తరగతులకు నాలుగో తరం, ఆ పైతరాల పిల్లులనే అనుమతిస్తారు. వరుసగా పేర్చిన బోనుల ముందు బల్ల వేసుకుని నిలబడే న్యాయనిర్ణేత, ఒక పిల్లికీ మరో పిల్లికీ నడుమ చేతులూ బల్లా క్రిమిసంహారిణితో శుభ్రం చేసుకుని, బోనులోంచి పిల్లిని తానే ఎత్తి బల్ల మీద నిలబెట్టి, దీపం వెలుగులో మచ్చల అంచులను చూసి, వేళ్లతో ఒంటి పట్టును తడిమి, ఈకల బొమ్మ ఆడించి దాని చురుకుదనాన్ని గమనిస్తారు. టికా ప్రమాణం ప్రకారం బెంగాల్ పిల్లి భయపడవచ్చు, పారిపోజూడవచ్చు, గట్టిగా అరవనూ వచ్చు. న్యాయనిర్ణేత మీదికి తిరగబడితే మాత్రం పోటీకి అనర్హమవుతుంది. అడవి పోలిక కోసం మొదలైన జాతికి సాధుత్వాన్నే తొలి షరతుగా పెట్టిన ఈ నియమం వల్లే బెంగాల్ ఇళ్లలో ఇమడగలిగింది.

ప్రదర్శనలకు వచ్చే పెంపకందారులు శాస్త్రానికీ తోడ్పడ్డారు. అమెరికా పరిశోధకులు ఏళ్ల తరబడి వారి సహకారంతో వందలాది బెంగాల్ పిల్లుల డీఎన్‌ఏ నమూనాలు సేకరించి, 2024లో కరెంట్ బయాలజీ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఈనాటి బెంగాల్ జన్యురాశిలో లెపర్డ్ క్యాట్ వాటా సగటున సుమారు 3.5 శాతమే. చిరుతను తలపించే ఆ రూపానికి ప్రధానంగా అడవి జన్యువులు కారణం కాదనీ, ఇంటి పిల్లుల్లో ముందునుంచీ ఉన్న భేదాలనే పెంపకందారులు ఏరి ఏరి ఒకచోటికి తెచ్చారనీ తేలింది. ప్రదర్శనల్లో గ్లిట్టర్ అని పిలిచే బంగారు మెరుపు కూడా ఇంటి పిల్లుల్లోని ఒక జన్యు మార్పు ఫలితమే. ఆ మెరుపు ఢిల్లీ పిల్లితోనే జాతిలోకి వచ్చిందని పెంపకందారులు మొదటినుంచీ చెబుతూ వచ్చారు. అడవి నుంచి తెచ్చాననుకున్న సౌందర్యంలో అధిక భాగాన్ని జీన్ మిల్, ఆమె అనుయాయులు ఇంటి పిల్లుల్లోంచే వెలికితీశారన్న మాట. ఇది ఆమె ఘనతను తగ్గించదు. దొరికినదాన్ని వాడుకోవడం కంటే, అందరి కళ్లముందూ ఉన్నదాన్ని గుర్తుపట్టడానికి పదునైన కన్ను కావాలి. ఆ కన్ను ఆమెకు నిండుగా ఉంది.

హైదరాబాద్‌లో, విజయవాడలో, మరెక్కడైనా బెంగాల్ పిల్లిని కొనదలచిన పాఠకులు దాని తరమేమిటో తెలిపే వంశావళి పత్రాన్ని అడిగి చూడాలి. నాలుగో తరం కంటే ముందుదైతే వదులుకోవడమే మేలు. బెంగాల్ పిల్లి పేరు చెప్పి ఎవరైనా అసలు లెపర్డ్ క్యాట్ కూనను చూపితే, అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువని, దానిని కొనడమూ పెంచడమూ నేరమని గ్రహించి, అటవీ శాఖకు తెలియజేయాలి.