రాణి కోటలో బాటసారి బస

రాజ్యములు పోయిన పిమ్మట రాజగృహములు ఏమి కావలెనను ప్రశ్న గత శతాబ్దమున అనేక దేశములకు ఎదురైనది. సామాన్యముగా వాటికి రెండు గతులు. పట్టించుకొనువారు లేక, గోడలలో చెట్లు మొలచి కూలిపోవుట ఒకటి. కంచె కట్టి, చీటీలు అమ్మి, సాయంకాలమునకు తలుపు మూయు ప్రదర్శనశాలగా నిలుచుట రెండవది. స్పెయిన్, పోర్చుగల్ దేశములవారు మూడవ మార్గమొకటి త్రొక్కిరి. పాడుపడిన కోటలో మరల దీపము వెలిగించి, పడక పరచి, పొయ్యి రాజేసి, దారిని పోవువారికి బస యిచ్చిరి. ఈ పద్ధతివలన కలిగిన మేలెంత, కీడెంత యని తెలిసికొనుటకు ఒక్క కోటను పరిశీలించిన చాలును.

ఆ కోట పోర్చుగల్‌లోని ఎస్త్రెమోజ్ పట్టణమున కలదు. లిస్బన్ నగరమునకు తూర్పుగా, స్పెయిన్ సరిహద్దు దాక, అలెంతేజు అను విశాలమైన సీమ వ్యాపించియున్నది. బెండుచెట్లు, ఓలివుతోటలు, గోధుమపొలములు ఆ సీమకు కలిమి. ఆ సీమలో ఒక గుట్టమీద తెల్లని యిండ్ల గుంపు, ఆ గుంపునకు తలమానికముగా 27 మీటర్ల ఎత్తుగల బురుజు కనబడును. అచ్చటి భూమిలో చలువరాయి విస్తారముగా దొరకును. మన పల్లెలలో నల్లరాయి వాడినంత సులభముగా అచ్చటివారు ఇంటి గడపలకు సయితము చలువరాయి వాడుదురు. బురుజును కట్టినదియు ఆ రాతితోనే. 13వ శతాబ్దమున మొదలైన ఈ పని ముగ్గురు రాజుల కాలమున సాగినదని చెప్పుదురు. అందుచేతనే దానికి ‘మూడు కిరీటముల బురుజు’ అని పేరు వచ్చినది.

బురుజు ప్రక్కనున్న రాజగృహము దినిస్ రాజు పేరుతోను, ఆయన రాణి ఇసబెల్ పేరుతోను ముడివడియున్నది. ఇసబెల్ ఆరగోన్ రాజపుత్రి. బీదసాదలకు అన్నవస్త్రము లొసగుటలో ఆమెకు మిక్కిలి ప్రసిద్ధి. ఒకనాడు ఆమె పేదలకు పంచుటకై రొట్టెలను ఒడిలో దాచి తీసికొనిపోవుచుండగా రాజు అడ్డగించి చూపుమనెననియు, కొంగు విప్పగానే అవి గులాబీపూవులై రాలెననియు ఐతిహ్యము. ఐతిహ్యము నట్లుంచి చరిత్రను చూచినను ఆమె గొప్పతనము తక్కువది కాదు. 1325లో భర్త మరణించిన పిమ్మట ఆమె కొయింబ్రాలోని సన్న్యాసినుల మఠము చెంత నివసించెను. 1336లో ఆమె కుమారుడు నాలుగవ అఫొన్సోకును, ఆమె కుమార్తె బిడ్డడైన కాస్టీలు రాజునకును వైరము ముదిరెను. కొడుకును మనుమడును కత్తులు దూయుట చూడలేక, అరువదియైదేండ్ల వయస్సున ఆమె సంధి చేయ సంకల్పించి ఎస్త్రెమోజునకు బయలుదేరెను. ఈ కోటలోనే జబ్బుపడి, 1336 జూలై 4వ తేదీన కన్నుమూసెను. 1625లో క్రైస్తవమతాధిపతి ఆమెను పరమభక్తురాలిగా ప్రకటించెను. ఆమె మరణించిన తావని జనులు నమ్ము చోట చిన్న ప్రార్థనామందిర మున్నది. దాని గోడలపై ఆమె కథను నీలివర్ణపు పింగాణీ పలకలతో చిత్రించిరి.

ఇట్టి చోట రాత్రి గడపవచ్చుననగా ఎవరికైన మనస్సు ఉవ్విళ్లూరును. కాని ఒక సంగతి గమనింపవలెను. ఇసబెల్ ఎరిగిన రాజగృహములో అధికభాగము నేడు లేదు. 1698లో కోటలో నిలువచేసిన తుపాకిమందు ప్రేలి భవనము ధ్వంసమయ్యెను. తరువాతి శతాబ్దమున ఐదవ జువాన్ రాజు దానిని తిరిగి కట్టించి ఆయుధశాలగా వాడుకొనెను. కావున అతిథి ఎక్కు చలువరాతి మెట్లు, పడుకొను ఎత్తైన కప్పుల గదులు మధ్యయుగమునాటివి కావు. నాలుగుకోళ్ల పందిరిమంచము పాతకాలపు శైలి నెరిగి అమర్చినదే గాని రాణి పవళించినది కాదు. మధ్యయుగమును చూడగోరువారు బురుజును చూడవలెను. ఇట్లు ఏది ఏ కాలపుదో వేరుచేసి తెలిసికొనిననే ఇట్టి బసలో నిజమైన ఆనందము. లేనిచో అది నాటకరంగపు తెర యెదుట నిద్రించుటయే యగును.

1970లో ఈ భవనము ‘పోజాద’గా మారినది. పోర్చుగీసున పక్షి కొమ్మపై వ్రాలుటకును, బాటసారి దిగి విశ్రమించుటకును ఒకే క్రియ కలదు. దానినుండి పుట్టినదే ఈ మాట. మన ‘మజిలీ’కి దగ్గర. సలజార్ నియంతృత్వకాలమున ప్రభుత్వ ప్రచారశాఖను నడపిన ఆంటోనియో ఫెర్రో ఈ విడిదిగృహములకు ఆద్యుడు. మొదటిది 1942లో, ఎస్త్రెమోజునకు చేరువనే యున్న ఎల్వాస్ పట్టణమున తెరచిరి. అవి రాచకోటలు కావు. కొద్ది గదులతో, ఆ సీమ వంటలతో, నిరాడంబరముగా నడచు బాటప్రక్క సత్రములు. 1950ల ఆరంభమున ఓబిదుష్ కోటలో విడిది తెరచుటతో ప్రాచీన కట్టడముల వంతు వచ్చినది. పొరుగున స్పెయిన్‌లో ఇట్టి ప్రయత్నము 1928లోనే మొదలైనది. పోర్చుగల్‌లో 2003లో ఈ విడుదుల నిర్వహణము పెస్తానా అను ప్రైవేటు సంస్థ చేతికి పోయెను. సత్రముగా పుట్టినది క్రమముగా విలాసవంతమైన హోటలైనది.

కోటను హోటలుగా మార్చుట తేలికైన పని కాదు. శత్రువును రానీయకుండుటకు కట్టిన గోడలలో అతిథికి గాలి, వెలుతురు రావలెను. గది గదికి స్నానపుగది, నీటిగొట్టములు, విద్యుత్తీగలు కావలెను. ఒక్కొక్క గొట్టమునకై గోడ తొలిచినచో చరిత్రలో ఒక్కొక్క పుట చినిగినట్లే. 1964లో వెనిస్ నగరమున సమావేశమైన నిపుణులు ఒక నియమావళిని రూపొందించిరి. సమాజమునకు ఉపయోగపడు పనికి వినియోగించినచో ప్రాచీన కట్టడముల రక్షణ సులభమగును. కాని ఆ వినియోగమునకై కట్టడపు అమరికను గాని అలంకరణను గాని మార్చరాదని అందలి ఐదవ అధికరణపు సారాంశము. మొదటి మాట వాడుకకు అనుమతి, రెండవ మాట దానికి కళ్లెము. మనుష్యులు మసలు ఇంట కారుచున్న కప్పు ఆనాడే కంటబడును; పాడుపడిన ఇంట అది కూలిననాడు గాని తెలియదు. హోటలువలన కోటకు కలుగు గొప్ప మేలిదియే.

తెలుగువాడు అచ్చట బసచేసినచో మరియొక వింత ఎదురగును. గదిలో బట్టలు పెట్టుకొను అల్మారా, ముఖము తుడుచుకొను తువాలు, నీళ్ల బాల్చీ, గోడ కట్టిన మేస్త్రీ - ఈ మాటలన్నియు పోర్చుగీసు నావలతో మన తీరములకు వచ్చి మన ఇండ్లలో స్థిరపడినవే. అన్యదేశపు కోటలో మన ఇంటిమాటలకు పుట్టిల్లు కనబడుట చిన్న విషయము కాదు.

ఇక కీడు సంగతి. మధురనేలిన తెలుగురాణి మంగమ్మ 1689లో మొదలైన తన పాలనాకాలమున బాటసారులకై సత్రములు కట్టించి కీర్తిగాంచెను. ఎస్త్రెమోజున రాణి ఇల్లే సత్రమైనది. కాని ఆ సత్రమున కూలివానికి పడక దొరకదు. రొట్టెలు పంచిన రాణి పేరు పెట్టుకొన్న ఇంట ధనవంతులే విందారగించుట చూచి ఎవరైన ఆక్షేపించినచో తప్పు పట్టలేము. 2010లో హోటలుగా తెరచిన హైదరాబాదులోని ఫలక్‌నుమా విషయమునను మనవారు ఇట్లే తర్కించుకొన్నారు. ఒకనాడు ప్రభువులకే తెరచిన తలుపు నేడు ధనికులకే తెరచినచో మారినదేమని వారి ప్రశ్న.

దీనికి ఎస్త్రెమోజు కొంత సమాధానము చెప్పుచున్నది. బురుజు మీదికి దారి హోటలు గుండా పోవును. అచ్చట బస చేయనివారును ఆ మెట్లెక్కి అలెంతేజు సీమను కన్నులార చూడవచ్చును. రాణి ప్రార్థనామందిరము బాటసారులదే గాని బసవారి సొత్తు కాదు. గది అద్దె కోట కప్పును నిలబెట్టుచున్నది. తెరచిన ద్వారము కోటను ప్రజలదిగా నిలుపుచున్నది. రెంటిలో ఏది లోపించినను ఆ పని సగమే. కావున రాజగృహమును హోటలు చేయుదుమని ఎవరైన ముందుకు వచ్చినపుడు లోపల వడ్డించు వంటకముల పట్టికకంటె ముందుగా మనము అడుగవలసిన ప్రశ్న ఒకటి యున్నది: బస చేయనివానికి అందు ఎంతవరకు దారి కలదు?