నిమ్మతో తోడుకునే మీగడ

వేసవి విందులో బిర్యానీ తరువాత వచ్చే డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా ఎంత ప్రీతికరమైనవైనా, నేతి బరువు మీద చక్కెర బరువు పెట్టినట్టే ఉంటుంది. ఆ వేళ నాలుక కోరేది వేరు: చల్లగా, కాస్త పుల్లగా, చెంచాతో తీస్తే వెన్నలా జారేది. ఇటువంటి పదార్థాలు నేడు బేకరీల అద్దాల అరల్లో లెమన్ మూస్, ఆరెంజ్ పుడ్డింగ్ అన్న పేర్లతో కొలువుతీరాయి. పిల్లలు వాటినే చూపించి అడుగుతారు. అక్కడే మన ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఇది దేనితో గట్టిపడింది?

ఇది అనవసరమైన అనుమానం కాదు. ఈ తరహా వంటకాలను గట్టిపరచడానికి విరివిగా వాడేది జెలటిన్. జంతువుల చర్మంలోనూ ఎముకల్లోనూ ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు నుంచి దీన్ని తీస్తారు. ప్రపంచంలో తయారయ్యే జెలటిన్‌లో పంది చర్మం నుంచి వచ్చే వాటా చాలా పెద్దది. పశువుల నుంచి తీసినదైనప్పటికీ, ఆ పశువు ధర్మసమ్మతంగా జబహ్ చేయబడిందా అన్నది పొట్లం చూసి తెలుసుకోలేము. తయారీ ప్రక్రియలో దాని మూలస్వభావమే మారిపోతుందని కొందరు ధర్మపండితులు, మారదని మరికొందరు అభిప్రాయపడ్డారు. ఆ చర్చలోకి మేము దిగడం లేదు. దిగవలసిన అవసరం కూడా లేదు. ఎందుకంటే నిమ్మతో చేసే ఈ వంటకానికి జెలటిన్ అక్కరే లేదు. దాన్ని గట్టిపరిచేది స్వయంగా నిమ్మరసమే.

వినగానే నమ్మశక్యం కాని మాటే. పాలలో నిమ్మరసం పడితే విరుగుతాయని ప్రతి గృహిణికీ తెలుసు. పనీర్ చేసేది అలాగే కదా! మరి మీగడలో పడితే విరగకుండా తోడుకోవడమేమిటి?

పాలలో కేసిన్ అనే మాంసకృత్తు అతి సూక్ష్మమైన రేణువులుగా తేలుతూ ఉంటుంది. పులుపు తగలగానే ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పాలలో నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ. అందుచేత ఆ పట్టు బిగుసుకుని ముద్దలై, నీరు వేరైపోతుంది. చిక్కటి క్రీములో పరిస్థితి వేరు. అందులో మూడో వంతుకు పైగా కొవ్వే. కేసిన్ రేణువులు ముద్దగా చేరుకోవాలంటే కొవ్వు బిందువులు అడ్డుపడతాయి. ఫలితంగా ముద్దకు బదులు పలుచని వల వంటిది ఏర్పడుతుంది. ఆ వలలో నీరు, కొవ్వు, చక్కెర అన్నీ చిక్కుకుని నిలుస్తాయి. డబ్బాలో దొరికే తీపి కండెన్స్‌డ్ మిల్క్‌లోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది. పాలలోని నీటిలో అధిక భాగాన్ని ముందే ఇగిర్చి, చక్కెర కలిపి ఉంటారు కనుక విడిపోవడానికి అక్కడ నీరే లేదు. అమెరికాలోని ఫ్లోరిడా వాసులు తమ ప్రసిద్ధమైన నిమ్మ పైకి ఈ డబ్బా పాలనే ఆధారం చేసుకున్నారు. 1856లో గెయిల్ బోర్డెన్ కండెన్స్‌డ్ మిల్క్‌కు అక్కడ పేటెంటు పొందాడు. తాజా పాలు దుర్లభమైన తీరప్రాంతానికి ఆ డబ్బా వరమైంది.

మన ఇళ్లకు అనువైన విధానం కూడా ఈ డబ్బాదే. పొయ్యి వెలిగించనక్కరలేదు, ఉపవాస దినాల్లో అస్ర్ నమాజుకు చాలా ముందే పది నిమిషాల్లో ముగించుకోవచ్చు.

ఒక డబ్బా, అంటే 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, 200 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీము, 100 మిల్లీలీటర్ల నిమ్మరసం, రెండు కాయల తొక్క తురుము. ఇంతే. మన నిమ్మకాయలు చిన్నవి కనుక ఏడెనిమిది పట్టవచ్చు. కాయల లెక్కను నమ్ముకోక రసాన్ని కొలుచుకోవడమే క్షేమం. గూడూరు ప్రాంతం నుంచి వచ్చే పలుచని తొక్క కాయలైతే రసం పుష్కలంగా ఉంటుంది. క్రీము పొట్లాన్ని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో ఉంచి, కదపకుండా తీసి, పైన పేరుకున్న చిక్కటి భాగాన్నే వాడుకుంటే మరింత గట్టిగా నిలుస్తుంది. ఇంట్లో పాల మీద తీసిన మీగడ దీనికి పనికిరాదు. గిలకొడితే అది వెన్నగా మారుతుంది. ఎంత గిలకొట్టినా పలుకులు పోవు.

గిన్నె గాజుదో, స్టీలుదో అయి ఉండాలి. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలను పులుపు తింటుంది. రుచిలోకి లోహపు వాసన వస్తుంది. ముందుగా తొక్కను తురుముకోవాలి, తరువాతే కాయను కోయాలి. పిండిన డిప్పను తురమడం వేళ్లకే ప్రమాదం. పచ్చని పైపొరను మాత్రమే తీయాలి. దాని కింది తెల్లని భాగం చేదు. నిజానికి ఈ వంటకపు పరిమళమంతా రసంలో లేదు, ఆ పైపొరలోని నూనెలో ఉంది. కనుక వెనిల్లా వంటి ఎసెన్సుల జోలికి పోనక్కరలేదు. కొన్నిటిలో మద్యసారమే ద్రావకంగా ఉంటుందన్న సంగతి చదువరులకు తెలిసినదే.

కండెన్స్‌డ్ మిల్క్‌ను, క్రీమును, తురుమును కలిపి, నిమ్మరసాన్ని మూడు విడతలుగా పోస్తూ విస్కర్‌తో తిప్పాలి. మొదటి విడతకు ఏమీ కాదు. రెండవదానికి కాస్త పలుచబడినట్టే తోస్తుంది. కంగారుపడి ఆపవద్దు. మూడవ విడత కలిసిన కొద్దిసేపటికే చేతికి బరువు తెలుస్తుంది. విస్కర్ తిరిగిన చోట చారలు నిలిచిపోతాయి. ఈ క్షణం చూడటానికి పిల్లలను పక్కన నిలబెట్టుకోండి. పుస్తకంలోని ఆమ్లం పాఠం కన్నా ఇది బాగా బోధపడుతుంది. వెంటనే చిన్న గిన్నెల్లోకి తీసి, మూతపెట్టి, కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. మూత తప్పనిసరి. పాత్రలను మూసి ఉంచమన్న దైవప్రవక్త (స) ఉపదేశం ఎలాగూ ఉంది. దానికి తోడు మీగడ పక్కనున్న కూరల వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. మరునాటి కల్లా ఉల్లిపాయ వాసన వేసే నిమ్మ మీగడను అతిథులకు పెట్టలేము కదా.

ఇంకొంచెం శ్రమకు ఓర్చగలిగితే ఇంగ్లండువారి పాసెట్ ఉంది. పూర్వం ఇది వేడి పాలను ద్రాక్షసారాతోనో బీరుతోనో విరిచి తాగే పానీయం. ఆ రూపం మనకు నిషిద్ధమే. నేటి పాసెట్‌లో మద్యం ఊసు లేదు, ఉన్నది క్రీము, చక్కెర, నిమ్మ మాత్రమే. 35 శాతం, ఆ పైన కొవ్వు ఉన్న తియ్యదనం లేని క్రీము 600 మిల్లీలీటర్లకు 150 గ్రాముల చక్కెర కలిపి, పొంగుకు చోటుండే పెద్ద గిన్నెలో మూడు నిమిషాలు మరిగించాలి. దించి 75 మిల్లీలీటర్ల నిమ్మరసం కలిపి, పావుగంట ఆగి, వడగట్టి, గిన్నెల్లో పోసి చల్లబరచాలి. దుకాణాల్లో సాధారణంగా దొరికే 25 శాతం క్రీముతో ఇది మెత్తగానే నిలుస్తుంది, చెంచా నిలబడదు. రుచికి మాత్రం లోటు లేదు. మా మట్టుకు పాసెట్ రుచే మిన్న. డబ్బా పాల తీపి ముందు నిమ్మ కొంత వెనుకబడుతుంది.

ఇక బత్తాయి సంగతి. నల్లగొండ, అనంతపురం తోటల కాయలు బజారు నిండా ఉన్నప్పుడు వాటితో ఎందుకు చేయకూడదని అనిపించడం సహజం. కానీ బత్తాయిలో పులుపు నిమ్మతో పోలిస్తే ఎంతో తక్కువ, క్రీము తోడుకోదు. ఇక్కడ ఏదో ఒక ఆధారం కావాలి. అది మన వంటిళ్లకు కొత్తదేమీ కాదు: చైనా గ్రాస్. సముద్రపు ఎర్రనాచు నుంచి తీసేది కనుక ఏ సందేహానికీ తావు లేదు. 5 గ్రాముల పోగులను పావు లీటరు నీటిలో అరగంట నానబెట్టి, ఒక్క పోగూ కనిపించనంతవరకు మరిగించాలి. దించి 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, 200 మిల్లీలీటర్ల క్రీము, చివరగా పావు లీటరు బత్తాయి రసం కలిపి వడగట్టాలి. క్రీమూ, రసమూ ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసినవై ఉండరాదు. చైనా గ్రాస్ 35, 40 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కనుక చల్లని రసం తగిలితే అక్కడికక్కడే ఉండలవుతుంది. పులుపుతో కలిపి మరిగిస్తే దాని పట్టు సడలుతుంది కాబట్టి రసాన్ని పొయ్యి మీద పోయరాదు. బత్తాయి రసం నిలవుంటే చేదెక్కుతుంది. కలపబోయే ముందే పిండుకోవాలి. ఇంత జాగ్రత్తకు ప్రతిఫలం కూడా ఉంది. జెలటిన్‌తో చేసినది మన మే నెల వేడికి దస్తర్‌ఖాన్ మీదే నీరుగారుతుంది. చైనా గ్రాస్ ఒకసారి గట్టిపడితే 80 డిగ్రీలు దాటే వరకు కరగదు.

పులుపు పండ్లతో మన సంబంధం పాతదే. నిమ్మ, నారింజలను సిసిలీకి, స్పెయిన్‌కు చేర్చింది అరబ్బులు. నారింజ అనే మన మాట, నారంజ్ అనే అరబీ మాట ఒకే కుటుంబానివి. సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ వద్ద పనిచేసిన యూద వైద్యుడు ఇబ్ను జుమై 12వ శతాబ్దంలో నిమ్మ మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు.

బజారులో కొనక తప్పనప్పుడు పొట్లం వెనుక చదవండి. జెలటిన్ అన్న పేరో, ఈ441 అన్న సంఖ్యో ఉండవచ్చు. 406 అయితే అది చైనా గ్రాస్, 440 అయితే పండ్ల నుంచి తీసే పెక్టిన్. జెలటిన్ ఉన్న పొట్లం మీద మన దేశంలో శాకాహారపు పచ్చ చుక్క వేయరాదు. బేకరీ గిన్నెల మీద ఏమీ రాసి ఉండదు, అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఇంట్లో చేసుకున్నదానిలో మరొక సౌలభ్యం ఉంది. జెలటిన్ అంటే మనకెంత సంకోచమో, శాకాహారులైన పొరుగువారికీ అంతే. నిమ్మ మీగడ గిన్నెను వారింటికి నిశ్చింతగా పంపవచ్చు.

కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలో సగానికి పైగా చక్కెరే అన్నది మరువరాదు. పైన చెప్పిన కొలతను ఆరు పెద్ద గిన్నెలకు బదులు పది చిన్న గిన్నెలకు సర్దడం ఉత్తమం. మధుమేహం ఉన్న పెద్దలకు రెండు చెంచాల రుచి చాలు. ఫిర్నీకి వాడే మట్టి ముంతలు ఇంట్లో ఉంటే, వాటిని నీటిలో నానబెట్టి, తుడిచి, అందులోనే పోయండి. మూతతో ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది. పైన వేయడానికి పిస్తా పలుకులు చాలు. అవి మాత్రం వడ్డించేటప్పుడే వేయాలి, ముందే చల్లితే మెత్తబడిపోతాయి.