జైలు నుంచి వచ్చే కాల్‌కి దూరంతో పనేంటి?

ఈ ఎపిసోడ్‌లో జైలు ఫోన్ బిల్లు గురించి మాట్లాడుకుందాం. "జైలు గోల మనకెందుకు బ్రో" అనకండి. ఆ బిల్లు ఎక్కువగా కట్టేది ఖైదీ కాదు, బయట ఉన్న అమ్మో, భార్యో.

ముందు ఎస్టీడీ అంటే ఏంటో చూద్దాం. అన్‌లిమిటెడ్ ప్యాక్ వేసుకునే మన బ్యాచ్‌లో చాలామందికి ఇది తెలీదు. ల్యాండ్‌లైన్ రోజుల్లో మన మొగల్తూరు వైపు కోడ్ 08814, రాజమండ్రిది 0883. నర్సాపురానికి చేస్తే లోకల్. రాజమండ్రికి చేస్తే ఎస్టీడీ, ఎందుకంటే గీత గీసి కొలిచినా 50 కిలోమీటర్లు దాటుతుంది. దూరం పెరిగేకొద్దీ మీటర్ స్పీడుగా తిరిగేది. 2006 మార్చి 1న బీఎస్‌ఎన్‌ఎల్ 'వన్ ఇండియా' ప్లాన్‌తో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అయింది. 2016లో జియో వచ్చాక ఎస్టీడీ అన్న మాటే మర్చిపోయాం.

అమెరికా జైళ్లు మాత్రం మర్చిపోలేదు. అక్కడ వేరే రాష్ట్రానికి 15 నిమిషాలు మాట్లాడితే కొన్నిచోట్ల 17 డాలర్ల దాకా పడేది. నిజానికి ఇంటర్నెట్ మీద వెళ్లే కాల్‌కి పక్క ఊరైనా, పక్క రాష్ట్రమైనా కంపెనీకి అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. మరి రేటు ఎందుకు తగ్గలేదు? మనకి నచ్చకపోతే సిమ్ పోర్ట్ చేసేస్తాం. ఖైదీకి ఆ ఛాన్స్ లేదు. జైలు ఏ కంపెనీకి కాంట్రాక్ట్ ఇస్తే అదే గతి. పైగా చాలా జైళ్లు కంపెనీ నుంచి కమిషన్ తీసుకునేవి. అంటే ఎంచుకునేది ఒకరు, కట్టేది ఇంకొకరు.

ఇంకో తిరకాసు ఉంది. సిస్టమ్ చూసేది మనిషి ఎక్కడున్నాడని కాదు, నంబర్ ఏ ఊరిదని. జైలు గోడ పక్కనే ఉన్నా మీ సెల్ నంబర్ వేరే ఏరియా కోడ్‌దైతే అది లాంగ్ డిస్టెన్స్ కిందే లెక్క. అందుకే చాలా కుటుంబాలు జైలున్న ఊరి కోడ్‌తో ఒక ఇంటర్నెట్ నంబర్ కొని, కాల్స్ తమ ఫోన్‌కి ఫార్వర్డ్ చేసుకునేవి. అప్పుడు లోకల్ రేటే పడేది.

మార్తా రైట్ అనే పెద్దావిడ, జైల్లో ఉన్న మనవడితో మాట్లాడే ఖర్చు భరించలేక 2003లో అక్కడి టెలికం రెగ్యులేటర్ ఎఫ్‌సీసీకి పిటిషన్ పెట్టింది. పదేళ్ల తర్వాత, 2013లో, రాష్ట్రాల మధ్య కాల్స్‌కి పరిమితి వచ్చింది. ప్రీపెయిడ్ అయితే నిమిషానికి 21 సెంట్లు. అంటే 15 నిమిషాలకి 3.15 డాలర్లు. కానీ రాష్ట్రం లోపలి కాల్స్ రేటు మీద ఎఫ్‌సీసీకి అధికారం లేదని 2017లో కోర్టు చెప్పింది. దాంతో లెక్క తలకిందులైంది. దూరపు కాల్ చవక, దగ్గరి కాల్ ఖరీదు! 2018లో ఆర్కాన్సాస్‌లోని ఒక జైలు నుంచి అదే రాష్ట్రంలోకి 15 నిమిషాల కాల్‌కి దాదాపు 25 డాలర్లు.

ఇందులో మన తెలుగువాళ్లకీ సంబంధం ఉంది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు గుర్తుందా? అధికారులే పెట్టిన నకిలీ యూనివర్సిటీ అది. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో చాలామంది మనవాళ్లే. డిటెన్షన్ సెంటర్ నుంచి ఇంటికి కాల్ అంటే ఇంటర్నేషనల్ కాల్. దానికి ఎఫ్‌సీసీ పరిమితి వచ్చింది 2021లో.

2023 జనవరిలో మార్తా రైట్ పేరుతోనే చట్టం వచ్చింది. రాష్ట్రం లోపలి కాల్స్ మీదా ఎఫ్‌సీసీకి అధికారం దక్కింది. అది చూడ్డానికి ఆవిడ లేదు, 2015లోనే పోయింది.

మన దగ్గర జైల్లో ఉన్నవాళ్లని కలవడానికి, వీడియోలో మాట్లాడటానికి ఈ-ములాఖత్ అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది. ఫోన్‌లోంచే రిక్వెస్ట్ పెట్టుకోవచ్చు. మీ వీధిలో అవసరం ఉన్నవాళ్లకి, ముఖ్యంగా స్మార్ట్‌ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లకి, దగ్గరుండి చేసిపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.