పెరటికి పెట్టుబడి ఎందుకు?

శివార్లలో రెండొందల గజాలు కొని ఇల్లు కట్టుకున్నవాళ్లలో చాలామందికి ఓ కోరిక ఉంటుంది. ఇంటి వెనక కాస్త మట్టి నేల ఉండాలి, కూరకు నాలుగు వంకాయలు, తాలింపుకి రెండు రెబ్బల కరివేపాకు అక్కడే దొరకాలి అని. గృహప్రవేశం అయిన వారానికే నర్సరీకి వెళ్తారు. పాతిక కుండీలు, కోకోపీట్, వర్మికంపోస్టు బస్తాలు, పైపులు, పైన కట్టే ఆకుపచ్చ వల... బిల్లు వేలల్లో తేలుతుంది. మార్చి వచ్చేసరికి బోరు ఎండుతుంది. ట్యాంకరు నీళ్లు కొని పోస్తే ఒక్కో వంకాయ ఎంతకు పడిందో లెక్కేసి ఇంటాయన గొణుగుతాడు. మే నెలకల్లా కుండీలన్నీ ఓ మూలకు చేరతాయి.

తోట పెంచడం దండగ కాబట్టి ఇలా జరగలేదు. మట్టి, ఎరువు, విత్తనం, చివరికి నీళ్లు... అన్నీ కొనుక్కురావడం వల్ల జరిగింది. అమ్మమ్మల కాలంలో పెరటి కోసం కొన్నదంటూ ఏముండేది? మహా అయితే ఓ పార. గిన్నెలు కడిగిన నీళ్లు అరటి పాదులోకి పోయేవి, అరటాకు మళ్లీ భోజనానికి వచ్చేది. హైదరాబాద్ శివారు కాలనీలో ఆవునీ గడ్డివామినీ పెట్టుకోలేం కానీ, ఆ లెక్క మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది.

ముందు మట్టికి తిండి

కొత్త ఇంటి వెనక ఉండేది మట్టి అనుకుంటాం. నిజానికది పునాదిలోంచి తవ్విపోసిన మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు. అందులో టమాటా నారు పెడితే ఏం బతుకుతుంది? అందుకే తొలి పంట మనకు కాదు, నేలకు. గడ్డపారతో జానెడు లోతు తిరగేసి, రాళ్లూ పెచ్చులూ ఏరేసి, తొలకరి పడగానే జనుమో జీలుగో చల్లండి. అవి దొరక్కపోతే డబ్బాలో ఉన్న పెసలు, అలసందలైనా సరే. వీటి వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాల్లోని నత్రజనిని పట్టుకుంటాయి. నలభై, నలభై అయిదు రోజులకు పూత మొదలవగానే మొక్కల్ని కోసి అక్కడే మట్టిలో కలిపేయాలి. 'చక్కగా పెరిగిన మొక్కల్ని తొక్కేయాలా?' అని ప్రాణం ఉసూరుమంటుంది. తొక్కేయాల్సిందే! మరో రెండు మూడు వారాలకు అవి కుళ్లి, నేల గుల్లబారుతుంది.

ఆ తర్వాత నేలకు కావలసిన తిండి రోజూ మనింట్లోనే తయారవుతోంది... కూరగాయల తొక్కలు, టీ పొడి, వాడిన పూలు. ఓ పాత డ్రమ్ముకి నాలుగువైపులా చిల్లులు పెట్టి, గుప్పెడు తడి చెత్త మీద రెండు గుప్పెళ్ల ఎండుటాకులు వేస్తూ పోతే మూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండుటాకు వేయండి. ఫిబ్రవరిలో వీధి చివర ఊడ్చి తగలబెట్టే ఆకులు ఉన్నాయే, అవి ఎరువే. నాలుగు గోనెసంచుల్లో నింపి తెచ్చుకుంటే ఏడాదంతా సరిపోతాయి.

జీవామృతం మాటేమిటంటారా? సుభాష్ పాలేకర్ చెప్పిన పాళ్లను పెరటికి తగ్గట్టు కుదించుకుంటే పది లీటర్ల నీళ్లకు అరకిలో ఆవుపేడ, అర లీటరు గోమూత్రం, వందేసి గ్రాముల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి. నీడన రెండ్రోజులు ఉంచి, పొద్దునా సాయంత్రం కలపాలి. పేడ దగ్గర్లో దొరికితే చేసుకోండి. దాని కోసం పెట్రోలు పోసుకుని పాతిక కిలోమీటర్లు తిరగడం మాత్రం అనవసరం.

నీళ్లే అసలు పరీక్ష

వంద గజాల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎనిమిది వందల లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు ఎనభై సెంటీమీటర్ల వర్షం కురుస్తుంది. అంటే మన కప్పు మీదే అరవై వేల లీటర్లకు పైమాట! చుట్టూ గచ్చు చేయించి, ఆ నీళ్లన్నీ రోడ్డు మీదికి తోలి, వేసవిలో ట్యాంకరు కోసం ఫోన్లు చేస్తాం. బండి నిలిపేంత మేర గచ్చు చాలు. మిగిలింది మట్టిగా ఉంచి, డాబా గొట్టాన్ని రాళ్లు నింపిన గుంతలోకి మళ్లించండి. డ్రమ్ముల్లో పట్టుకుంటే మాత్రం మూతి మీద పలచటి గుడ్డ కట్టడం మరవొద్దు. లేదంటే కూరగాయల కన్నా ముందు దోమలు పండుతాయి.

బియ్యం, పప్పు కడిగిన నీళ్లు నేరుగా ఆకుకూర మళ్లకు పోయొచ్చు. స్నానాల నీళ్లు అరటికి, మెట్టతామరకు వదిలేయండి. సబ్బుపొడి నురగతో ఉన్న వాషింగ్ మెషిన్ నీళ్లు ఆకుకూరల దరికి రానీయకండి, మట్టి పాడవుతుంది. మొక్కల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన ఎండుటాకు పరిస్తే రోజూ పోసే నీళ్లు రెండు రోజులకోసారి పోసినా చాలు. ఇంతకన్నా చవకైన డ్రిప్పు లేదు!

విత్తనం వంటింట్లోనే ఉంది

మెంతులు, ధనియాలు డబ్బాలోంచే తీసుకోవచ్చు. ధనియాల్ని చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, గింజ అలాగే వేస్తే మొలవడం ఆలస్యం. పుదీనా, పొన్నగంటి, బచ్చలి కాడ గుచ్చితే చాలు. బజారు టమాటా గింజలు మొలుస్తాయి కానీ, అవి హైబ్రిడ్‌వైతే తల్లిలాంటి కాయ రాదు. నాటు రకాల కోసం ఊళ్లో బంధువుల్ని అడగండి.

సొరపాదు పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయని చాలామంది మందుల కోసం పరుగెడతారు. అది తరచూ తెగులు కాదు, పుప్పొడి అందకపోవడం. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకు తేనెటీగలు ఉండవు. కింద పిందె లేనిది మగపువ్వు. దాన్ని తుంచి పిందె ఉన్న పువ్వుకు అద్దండి.

ఇంటికంతా సరిపోతుందా? నిజం చెప్పాలంటే సరిపోదు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్కరికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురికి నెలకు 48 కిలోలు. ముప్పై గజాల పెరట్లో అన్నేసి వంకాయలూ బెండకాయలూ ఏడాది పొడవునా రావు. ఆకుకూరల్లో మాత్రం బజారు మొహం చూడక్కర్లేదు. తోటకూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. నాలుగు చిన్న మళ్లు చేసి, వారానికో మడి చొప్పున చల్లుతూ పోతే కొత్త మడి ఎదిగేసరికి పాతది ఖాళీ అవుతుంది. మునగ, కరివేపాకు, బొప్పాయి ఒక్కోటి ఉంటే ఇంట్లోకి పోగా పంచిపెట్టేంత వస్తుంది.

పందిరికి చిక్కుడు పాదు పెట్టండి. అదీ మృగశిర కార్తెకో ఆషాఢంలోనో. నాలుగు నెలలు ఆకులు తప్ప ఏమీ కనపడక, 'గొడ్డుపాదు' అని విసుక్కుని పీకేసేవాళ్లున్నారు. తొందరపడకండి. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేగానీ పూతకు రాదు. చలి మొదలయ్యాక గుత్తులు గుత్తులుగా కాస్తుంది. పేనుబంక పడితే మంచు తడి ఆరకముందే బూడిద చల్లండి. రథసప్తమికి రథం చేయడానికి కాయలూ, పరమాన్నం పెట్టడానికి ఆకులూ ఆ పాదువే. అప్పుడే నాలుగు మంచి కాయల్ని తీగ మీదే ఎండనిచ్చి, గింజలు బూడిదలో కలిపి సీసాలో దాచండి. వచ్చే ఆషాఢానికి మీకు పది గింజలు చాలు, మిగిలినవి పక్కింటివాళ్లకు.