మైనరు పొలమునకు గార్డియను: కోర్టువారు వానిని మార్చు విధము

పొలము గల ఇంటి యజమాని అకాలమున కాలము చేసి, పిల్లలు మైనరులై యున్నచో, ఆ పొలము రెండు విధముల చెడును. సాగుచేయువారు లేక బీడుపడుట యొకటి. సాగు చక్కగా సాగుచున్నను ఫలము పరుల గాదెలకు చేరుట రెండవది. మొదటి దానికి విత్తనమును, ఎరువును, మంచి పాలేరును ఉన్న చాలును. అందుకు మా వంటివారము ఏదో సలహా చెప్పగలము. రెండవ దానికి నాగలి పనిచేయదు. చట్టమే పనిచేయవలెను. మేము ప్లీడరులము గాము. అయినను గ్రామములకు పోయినప్పుడెల్ల రైతుసోదరులు మమ్ము ఈ విషయమును గూర్చి అడుగుచుందురు గావున, ప్రతివారును తెలిసికొనదగిన ముఖ్యాంశములను ఇచట వివరించుచున్నాము.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినప్పటినుండి, కుడికాలువ క్రిందికి వచ్చిన పల్నాటి భూములు పూర్వపు మెట్టభూములు కావు. మిరపకును ప్రత్తికిని భూమిని కౌలుకు అడుగువారు ఎక్కువైరి. మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతములలో నేలక్రింది రాయి కూడ ధనమే. కావున తండ్రి లేని బాలుని ఆరెకరములు నేడు పలువురి కన్నులలో పడును. వానిని కాపాడవలసిన గార్డియనే వానిని తినివేయుచున్నచో బంధువులు రచ్చబండ వద్ద కూర్చుండి నిట్టూర్చుట వలన ప్రయోజనము లేదు.

గార్డియను అనగా నెవరు?

బంధువులలో పెద్దవాడు పొలము చూచుచున్నంత మాత్రమున గార్డియను కాడు. హిందువులకు వర్తించు 1956వ సంవత్సరపు మైనారిటీ, గార్డియనుషిప్ చట్టము ప్రకారము తండ్రియు, అతని పిమ్మట తల్లియు సహజ గార్డియనులు. వీలునామా ద్వారా నియమింపబడినవారు రెండవ తరగతి. కోర్టువారు నియమించినవారు మూడవ తరగతి. ఈ మూడింటిలో దేనికిని చేరని పెదతండ్రిగాని మేనమామగాని ఎంత మంచివాడైనను మైనరు ఆస్తిని అమ్ముటకు, తనఖా పెట్టుటకు అధికారము లేదు. పూర్వము కుటుంబావసరము చూపి అట్టివారు చేసిన విక్రయములు కొన్ని నిలుచుచుండెను. 1956 చట్టము ఆ దారి మూసివేసినది.

అధికారము గలవారికిని హద్దులు కలవు. సహజ గార్డియనుగాని, కోర్టు గార్డియనుగాని, కోర్టు అనుమతి ముందుగా పొందనిదే మైనరు భూమిని అమ్మరాదు, తనఖా పెట్టరాదు, మార్చుకొనరాదు. అయిదు సంవత్సరములకు మించిన కౌలు ఈయరాదు. మైనరు మేజరైన పిమ్మట ఒక సంవత్సరమునకు మించి సాగు కౌలును ఈయరాదు. అట్లు చేసిన దస్తావేజును మైనరు పక్షమున రద్దుపరచుకొనవచ్చును.

ఒక సంగతి మరువరాదు. అవిభక్త కుటుంబములో పెద్దలు చూచుచున్న ఉమ్మడి ఆస్తియందు మైనరునకు గల వాటాకు సాధారణముగా గార్డియనును నియమింపరు. అచ్చట అన్యాయము జరుగుచున్నచో మైనరు పక్షమున వేరొకరు నిలిచి పంపకమునకు దావా వేయుటయే మార్గము.

తొలగించుటకు కారణములు

అన్ని మతములవారికిని వర్తించు 1890వ సంవత్సరపు గార్డియనుల, వార్డుల చట్టము 39వ సెక్షనులో ఈ కారణములు చెప్పబడినవి. ఇవి కోర్టు నియమించిన గార్డియనుకును, వీలునామా గార్డియనుకును వర్తించును. తనపై ఉంచిన నమ్మకమును దుర్వినియోగము చేయుట. విధులను ఎడతెగక ఉపేక్షించుట. పని చేయ శక్తి లేకపోవుట. బిడ్డను బాధించుట లేక సరిగా చూడకుండుట. కోర్టు ఉత్తరువులను ధిక్కరించుట. శీలమునకు కళంకము తెచ్చు నేరమునకు శిక్షపడుట. మైనరు లాభమునకు తన లాభము విరుద్ధముగా నుండుట. కోర్టు ఎల్లలు దాటి కాపురము మార్చుట. ఆస్తి గార్డియను దివాలా తీయుట. మైనరునకు వర్తించు ధర్మశాస్త్రమును బట్టి గార్డియనుషిప్పు ముగియుట.

వీలునామా గార్డియను విషయమున చట్టము మృతుని మాటకు కొంత గౌరవమిచ్చినది. విరుద్ధమైన లాభము వీలునామా వ్రాసినవాని మరణానంతరము పుట్టినదైనను, అది అతనికి తెలియక నియమించెనని రుజువైనను తప్ప, ఆ ఒక్క కారణము మీద అట్టివానిని తొలగింపరు. తన తమ్ముడు అప్పులలో నున్నాడని తెలిసియు అన్న అతనినే నియమించినచో, ఆ అప్పునే పట్టుకొని పోయినవారికి జయము కలుగదు. ఆస్తిని పాడుచేసెనని చూపవలెను.

తల్లిదండ్రులను ఈ సెక్షను క్రింద తొలగింపరు. అయినను బిడ్డ క్షేమమే అన్నిటికంటె ముఖ్యమని 1956 చట్టపు 13వ సెక్షను చెప్పుచున్నది గావున, అవసరము గట్టిగా రుజువైనచో కోర్టు వేరొకరిని ఆస్తికి గార్డియనుగా నియమింపగలదు.

దరఖాస్తు నడచు విధము

ఒక బాలునికి పదునొకండేండ్లు. కోర్టు నియమించిన గార్డియను అతని పినతండ్రి. అతడు అనుమతి లేకయే కాలువ భూమిని తొమ్మిదేండ్లకు కౌలుకిచ్చి, సొమ్మంతయు ముందే పుచ్చుకొనెననుకొందము. మేనమామకు మనసులో మంట కలుగును. అతడు చేయవలసిన దేమి?

మొట్టమొదట కాగితములు సేకరింపవలెను: అడంగలు నకళ్లు, 1-బి, కౌలు పత్రము దొరికినచో దాని నకలు, బాలుని వయస్సునకు రుజువు, గార్డియనును నియమించిన ఉత్తరువు. పిదప ప్లీడరు ద్వారా కోర్టులో దరఖాస్తు పెట్టవలెను. ఆస్తి విషయమున మైనరు సాధారణముగా నివసించు జిల్లా కోర్టుకైనను, ఆస్తి యున్న జిల్లా కోర్టుకైనను అధికారము కలదు. హైకోర్టువారు క్రింది కోర్టులకును ఈ అధికారము ఈయవచ్చును. సంబంధము గల వారెవరైనను దరఖాస్తు పెట్టవచ్చును; కోర్టు తనంతట తానుగా కూడ పూనుకొనవచ్చును.

గార్డియనుకు నోటీసు పోవును. అతని వాదమును కోర్టు వినును. విచారణ జరుగులోపల పంట ఇల్లు దాటిపోవునను భయమున్నచో, ఆస్తిని తాత్కాలికముగా కాపాడుటకు ఉత్తరువు కోరవచ్చును. మిరప కల్లములో ఎండుచుండగా తీర్పు కొరకు కాచుకొన నవసరము లేదు.

ఇచట చాలమంది తడబడు విషయమొకటి కలదు. కోర్టు లేక వీలునామా నియమించిన గార్డియను ఉండగా వానిపై మరియొకనిని నియమింపరు. ఒక కాడి క్రింద రెండు జతల ఎద్దులను కట్టరు గదా! కావున దరఖాస్తులో మొదట తొలగింపును, దానివెంబడి క్రొత్త నియామకమును, రెంటిని కోరవలెను. క్రొత్తవానిని ఎన్నుకొనుటలో కోర్టు బాలుని వయస్సు, మతము, రాబోవువాని శీలము, శక్తి, బంధుత్వము, మృతుని కోరిక చూచును. తెలిసి కోరుకొనగల వయస్సున్నచో బాలుని కోరికయు వినును. దగ్గరి బంధువునకు హక్కుగా రావలెనను నియమము లేదు.

తొలగినవాడు ఆస్తిని, కాగితములను, లెక్కలను అప్పగింపవలెను. కోర్టు గార్డియనుకు జామీను పత్రము వ్రాయించుకొని యున్నచో దానిపై దావా వేయవచ్చును. ఆరు నెలలలో స్థిరాస్తి, చరాస్తి, అప్పుల పట్టిక ఇచ్చుటయు, కోరినప్పుడు లెక్కలు చూపుటయు కోర్టు గార్డియను విధులు. ఉత్తరువు ధిక్కరించినవానికి జరిమానాయే గాక సివిల్ జైలు కూడ కలదు. తొలగింపబడినవాడు హైకోర్టుకు అప్పీలు చేసికొనవచ్చును.

మన తెలుగువారి పెద్ద వ్యాజ్యము

ఈ విషయమున ప్రసిద్ధమైన దావా మదనపల్లె కుటుంబమునకు చెందిన జిడ్డు నారాయణయ్యగారిది. ఆయన 1910లో తన కుమారులు కృష్ణమూర్తి, నిత్యానందులకు అనీబిసెంటుగారిని గార్డియనుగా ఒప్పుకొని పత్రము వ్రాసి యిచ్చిరి. ఆమె బాలురను చదువునకు ఇంగ్లండు తీసికొనిపోయిరి. 1912లో తండ్రి తన బిడ్డలు తనకు కావలెనని చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేసెను. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయి 1913లో ఆయనకు గెలుపు కలిగెను. కాని 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసినది.

ఆ తీర్పు నుండి మనకు మూడు పాఠములు. తండ్రి తన బిడ్డను పరులకు అప్పగించినను ఆ అధికారమును మరల తీసికొనవచ్చును. అయితే అప్పగింతను నమ్మి బిడ్డ జీవితము క్రొత్త త్రోవ పట్టి, దానిని చెరుపుట బిడ్డకే నష్టమైనచో, కోర్టు ఆ ఉపసంహరణమును అడ్డగించును. మూడవది, బాలురు ఇంగ్లండులో నుండగా చెంగల్పట్టు కోర్టుకు అధికారమే లేదు. మామూలు దావా వేయుటయు సరియైన మార్గము కాదు. తండ్రియొక్క హక్కు సైతము తప్పు కోర్టులో, తప్పు రూపములో అడిగినందువలన నిలువలేదు. మేనమామ మాట చెప్పనేల?

వీలునామా ఎగ్జిక్యూటరు మాట

ఎగ్జిక్యూటరు గార్డియను కాడు. మృతుని అప్పులు తీర్చి, వీలునామా ప్రకారము ఆస్తిని పంచిపెట్టుట వాని పని. 1925వ సంవత్సరపు ఇండియను వారసత్వ చట్టము 301వ సెక్షను ప్రకారము వానిని తాత్కాలికముగా ఆపుటకు, తొలగించుటకు, వాని స్థానమున వేరొకని ఉంచుటకు అధికారము హైకోర్టుది. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టు 1956లో హైదరాబాదునకు తరలెను. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతియందున్నది. పల్నాటి రైతు ఇందుకై ఇప్పుడు దూరము పోనక్కరలేదు.

ఎగ్జిక్యూటరు ప్రొబేటు తీసికొనియున్నచో మరియొక మార్గము కలదు. ప్రొబేటు పొందినవాడు ఆరు నెలలలో ఆస్తి పట్టికను, ఒక సంవత్సరములో లెక్కలను కోర్టులో దాఖలు చేయవలెను. బుద్ధిపూర్వకముగా, తగిన కారణము లేక అట్లు చేయనివాని ప్రొబేటును, ఇచ్చిన కోర్టే రద్దుచేయవచ్చును.

సంఘ సభ్యులకు హెచ్చరిక

మైనరు భూమిపై అప్పు కోరువారు వచ్చినప్పుడు సంఘ పాలకవర్గమువారు మొదట కోర్టు అనుమతి ఉత్తరువు చూపుమని అడుగవలెను. అది లేని తనఖా సంఘమునకు రక్షణ కాదు; పంట పండినను బాలుడు మేజరైన పిమ్మట దానిని కాదనవచ్చును. కౌలుకు తీసికొనువారును అట్లే చూచుకొనవలెను. పై ఉదాహరణములో తొమ్మిదేండ్ల కౌలుకు ముందే సొమ్మిచ్చిన రైతు కూడ నష్టపోవును.

కోర్టు గార్డియనున్న మైనరునకు ఇరువదియొక్క సంవత్సరములు నిండిన గాని మేజరుకాడని పూర్వము నియమముండెను. 1999 సవరణతో అందరికిని పదునెనిమిదే. ఆ మూడేండ్ల తేడా తెలియక నేటికిని ఇరువదియొక్కేండ్లని నమ్మించు గార్డియనులు ఉండవచ్చును, యువకులు మోసపోరాదు.

అన్నదమ్ముల పాలు తేలక గురజాల, మాచర్ల రాజులు కారెంపూడిలో కత్తులు దూసిన కథ మన నేలలోని ప్రతి బిడ్డకును తెలియును. నేడు లెక్కల పుస్తకమును, సకాలమున వేసిన దరఖాస్తును ఆ పని చేయును. ఆలస్యమైన కొలది లెక్కలు మాయమగును, సాక్షులు మరతురు, భూమి చేతులు మారును. బిడ్డకు మీసములు వచ్చినప్పుడు పొలము మిగిలియుండవలెనన్నచో, వానికి పాలపండ్లు ఊడకమునుపే పెద్దలు కదలవలెను.